ఖాళీ మ్యాప్ ఎవరిది? దేవుడి ఆటల చరిత్ర, మన వైపు నుంచి



పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చదవండి. మన గ్రూపులో పోరాటాల గురించి, చట్టాల గురించి చాలామంది రాశారు. నేను ఈసారి వీడియో గేముల చరిత్ర రాస్తున్నాను. గేములకీ మనకీ ఏం సంబంధం అని కొందరు అడుగుతారని తెలుసు. చివరిదాకా చదివి, ఉందో లేదో మీరే చెప్పండి.

ఫ్రీఫైర్ లాంటి కాల్చుకునే ఆటల గురించి కాదు. పైనుంచి కిందికి చూస్తూ ఊరు కట్టే ఆటల గురించి. ఆడేవాడు ఆకాశంలో ఎక్కడో ఉంటాడు. కింద నేల, అడవి, నది, చీమలంత మనుషులు. చెట్టు కొట్టమంటే కొడతారు, గోడ కట్టమంటే కడతారు. వీటిలో కొన్నిటిని ‘గాడ్ గేమ్స్’ అంటారు, అంటే దేవుడి ఆటలు. కొత్త చోటికి పోయి వలస ఊరు నిలబెట్టే వాటిని ‘కాలనీ సిమ్’ అంటారు. ఫోన్లో క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆడినోళ్ళకి ఈ చూపు కొంత అలవాటే. అందులో మన ఊరి మధ్య మొలిచే చెట్టు, పొద, బండ అన్నీ ‘అడ్డంకులే’. డబ్బు పెట్టి తీసేయిస్తే అప్పుడప్పుడు జెమ్‌లు వస్తాయి. చెట్టుకి అంతకుమించి పని లేదు.

ఈ ఆటలన్నీ దాదాపు ఒకే తీరుగా మొదలవుతాయి. ముందు ఒక ఖాళీ మ్యాప్ వస్తది. ఆ మ్యాప్ ఎవరు ఖాళీ చేశారు, ఎప్పటి నుంచి ఖాళీగా ఉంది అని వెతుక్కుంటూ వెనక్కి పోతే దొరికిందే ఈ చరిత్ర.

ఒక టీచరమ్మ రాసిన రాజు ఆట

1960లలో అమెరికాలో కంప్యూటర్ అంటే గది నిండా ఉండే యంత్రం. న్యూయార్క్ రాష్ట్రంలో వెస్ట్‌చెస్టర్ అనే జిల్లాలో బడి పిల్లలకి కంప్యూటర్ ద్వారా పాఠం చెప్పొచ్చా అని ఐబీఎం కంపెనీతో కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టారు. అందులో మేబెల్ ఆడిస్ అనే చిన్న తరగతుల టీచరమ్మ ఒక ఆట రాసింది. పేరు ‘ది సుమేరియన్ గేమ్’. ఆమె రాసిన నియమాలని విలియం మెకే అనే ఐబీఎం ప్రోగ్రామర్ కోడ్‌గా మార్చాడు. 1964 నుంచి 1966 దాకా దాన్ని తయారుచేసి, మార్చి, ఆరో తరగతి పిల్లలతో ఆడించారు.

టైప్ మిషన్ లాంటిది కాగితం మీద అక్షరాలు కొడతది. పిల్లోడు క్రీస్తు పూర్వం 3500 నాటి సుమేరు దేశంలో లగాష్ నగరానికి రాజు. ఇంత పంట పండింది, ఇంతమంది జనం ఉన్నారు, తిండికి ఎంత ఇస్తావు, విత్తనానికి ఎంత ఉంచుతావు, గాదెలో ఎంత దాస్తావు అని మంత్రి అడుగుతాడు. పిల్లోడు అంకె కొడతాడు. జనం బతకడం, చావడం ఆ అంకె మీద.

ఆ ఆట గురించి విన్న డగ్ డైమెంట్ అనే ఆయన 1968లో దాన్ని చిన్నగా చేసి వేరే కంప్యూటర్ మీద రాశాడు. డేవిడ్ ఆల్ అనే ఇంకో ఆయన దాన్ని బేసిక్ భాషలోకి మార్చి 1973లో ‘101 బేసిక్ కంప్యూటర్ గేమ్స్’ అనే పుస్తకంలో అచ్చేశాడు. దాని పేరు ‘హమురాబి’. పుస్తకంలో కోడ్ మొత్తం ఉంది కాబట్టి ఎవరికి వాళ్ళు టైప్ చేసుకుని ఆడుకున్నారు. అమెరికాలో ఒక తరం ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది ఇట్లాంటి ఆటల మీదే.

హమురాబిలో లెక్క ఇది. 100 మంది జనం, 1000 ఎకరాలు, 2800 బుషెల్‌ల ధాన్యం. బుషెల్ అంటే మన కుంచం లాంటి కొలత అనుకోండి. మనిషికి ఏడాదికి 20 బుషెల్‌లు పెట్టాలి. 10 ఏళ్ళు ఏలాలి. ఒక ఏడాదిలో జనంలో 45 శాతం కంటే ఎక్కువ మంది ఆకలితో చస్తే నిన్ను గద్దె దించేస్తారు. అంటే 40 మంది చచ్చినా నీ ఉద్యోగం నీదే.

ఇంకో సంగతి. ప్రతి ఏడాది భూమి కొనొచ్చు, అమ్మొచ్చు. ధర ఎకరానికి 17 నుంచి 26 బుషెల్‌ల మధ్య మారుతుంటది. ఆ ఎకరం ఎవరి దగ్గర కొంటున్నామో ఆట చెప్పదు. అమ్మినోడు ఎవడు, ఎందుకు అమ్మాడు, అమ్మాక ఎక్కడికి పోయాడు, ఏమీ ఉండదు. ధాన్యం ఇస్తే భూమి వస్తది. ఈ వరసలో మొదటి ఆటల్లోనే భూమి వెనక మనిషి కనబడకుండా పోయాడు.

1989: దేవుడి చెయ్యి, బుల్డోజర్

ఈ రకం ఆటలకి పెద్ద పేరు తెచ్చిన రెండు ఆటలు ఒకే ఏడాది, 1989లో వచ్చాయి.

ఒకటి ‘సిమ్‌సిటీ’. చేసింది విల్ రైట్. ఆయన అంతకు ముందు 1984లో హెలికాప్టర్ నుంచి దీవుల మీద బాంబులేసే ఆట ఒకటి చేశాడు. ఆ దీవులు గీసుకోడానికి ఒక పనిముట్టు తయారుచేసుకున్నాడు. బాంబులు వేసేదాని కంటే దీవుల మీద రోడ్లు, ఇళ్ళు పెట్టడమే బాగుందనిపించింది ఆయనకి. అక్కడి నుంచి సిమ్‌సిటీ పుట్టింది.

ఆట మొదలవ్వగానే గోధుమరంగు నేల, పచ్చని అడవి, నీలం నీళ్ళు కనిపిస్తాయి. మనుషులు లేరు. చెట్లున్న గడిని బుల్డోజర్‌తో చదును చెయ్యాలంటే ఒక డాలర్ ఖర్చు. తర్వాత ఇళ్ళ జోన్, వ్యాపారాల జోన్, ఫ్యాక్టరీల జోన్ గీస్తే జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

దాని లోపల నడిచే లెక్క కొంత జే ఫారెస్టర్ రాసిన ‘అర్బన్ డైనమిక్స్’ అనే 1969 పుస్తకం నుంచి వచ్చిన ఆలోచన. ఫారెస్టర్ ఎంఐటీలో ఇంజినీరు. నగరం మొత్తాన్ని సమీకరణాల్లో పెట్టాడు. పేదలకి చవక ఇళ్ళు కట్టిస్తే నగరం బాగుపడకపోగా ఇంకా దెబ్బతింటదని ఆయన మోడల్ తేల్చింది. దాని మీద అప్పట్లో పెద్ద గొడవ జరిగింది. ఇక్కడ మనం పట్టుకోవాల్సింది ఒకటే. ఆట లోపల ఎప్పుడూ ఒక సూత్రం ఉంటది. ఎవరో ఒకరు, ఏదో ఒక నమ్మకంతో రాసిన సూత్రం. ఆడేవాడికి అది కనబడదు, దాని ఫలితమే కనబడతది. పది గంటలు ఆడాక ఆ ఫలితమే లోకం తీరు అనిపిస్తది.

రెండోది ‘పాపులస్’. ఇంగ్లండ్‌లో బుల్‌ఫ్రాగ్ అనే చిన్న కంపెనీలో పీటర్ మాలినో బృందం చేసింది. ‘దేవుడి ఆట’ అనే పేరు నిలబడింది దీనితోనే. ఇందులో నువ్వు నిజంగానే దేవుడివి. నేలని పైకి లేపగలవు, కిందికి దించగలవు. నిన్ను కొలిచే జనానికి చదును నేల కావాలి. ఎంత చదును ఉంటే అంత పెద్ద ఇల్లు కడతారు. జనం పెరిగితే నీ శక్తి పెరుగుద్ది. ఆ శక్తితో అవతలి దేవుణ్ణి కొలిచేవాళ్ళ మీదికి భూకంపం, ఊబి, అగ్నిపర్వతం, వరద పంపొచ్చు.

కొండని చదును చేస్తేనే బతుకు బాగుపడతది అనేది పాపులస్ మూల నియమం. కొండ మీద బతికేవాళ్ళకి కొండే బతుకు అనే మాట ఆ సూత్రంలో రాయడానికి చోటే లేదు.

ఈ రెండు ఆటలూ గొప్పవే, అందులో అనుమానం లేదు. నీళ్ళకి, కరెంటుకి, పన్నుకి, జనానికి ఒకదానితో ఒకటి ముడి ఎట్లా ఉంటదో నాకు సిమ్‌సిటీ చూపించినంత తేలిగ్గా ఏ పుస్తకమూ చూపించలేదు. అందుకే వీటి గురించి పట్టించుకోవాలి అంటున్నాను. పాఠం చెప్పేంత బలం ఉన్నది ఏదైనా, ఏ పాఠం చెబుతుందో చూసుకోవాలి కదా.

గుడిసెలో దొరికే బహుమతి

1991లో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ కలిసి ‘సివిలైజేషన్’ చేశారు. ఇందులో మ్యాప్ మొత్తం నల్లగా ఉంటది. నువ్వు అడుగు పెట్టిన చోటే వెలుతురు వస్తది. నువ్వు చూడకముందు అక్కడ ఏమీ లేనట్టే.

ఆ చీకట్లో అక్కడక్కడ చిన్న గుడిసెలు తగులుతాయి. చిన్న తెగల ఊళ్ళు అవి. నీ మనిషి ఆ గుడిసెలోకి పోగానే బంగారం ఇస్తారు, లేదంటే ఒక విద్య నేర్పుతారు, లేదంటే సైనికుల్ని ఇస్తారు. ఒక్కోసారి ‘బార్బేరియన్లు’ బయటికొచ్చి మీద పడతారు. ఏది జరిగినా తర్వాత ఆ గుడిసె మ్యాప్ మీద ఉండదు. ఇచ్చేది ఇచ్చేశాక మాయమైపోతది. ఇచ్చేవాళ్ళు, లేదంటే మీద పడేవాళ్ళు. వాళ్ళకి రాజధాని లేదు, వంతు లేదు, గెలిచే దారి లేదు.

రెండేళ్ళ తర్వాత 1993లో అలన్ ఎమ్రిచ్ అనే గేమ్ విలేకరి ఈ రకానికి ‘ఫోర్ ఎక్స్’ అని పేరు పెట్టాడు. వెతుకు, విస్తరించు, పిండుకో, తుడిచిపెట్టు అనే నాలుగు ఇంగ్లీషు మాటల్లోని ఎక్స్ అక్షరం అది. ఇప్పటికీ దుకాణాల్లో ఆ పేరుతోనే అమ్ముతున్నారు.

1994లో వచ్చిన ‘కాలనైజేషన్’ ఇంకా నేరుగా ఉంటది. సిడ్ మైయర్ పేరు మీద వచ్చినా బ్రయాన్ రెనాల్డ్స్ కూడా దాని రూపకర్త. ఆట 1492లో మొదలవుతది. ఇంగ్లండ్, ఫ్రాన్స్, స్పెయిన్, హాలండ్, ఈ నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఇంకా, అజ్టెక్, అరవాక్, ఇరొక్వాయ్, చెరొకీ, అపాచీ, సూ, తూపీ అని ఎనిమిది మూలవాసీ జాతులు మ్యాప్ మీద ఉంటాయి. వాళ్ళ వైపు నుంచి ఆడటానికి లేదు.

వాళ్ళతో ఏమేం చెయ్యొచ్చో చూడండి. నీ మనిషిని వాళ్ళ ఊళ్ళో ఉంచితే పొగాకు, పత్తి పండించడం నేర్పించి పంపిస్తారు. మిషన్ కడితే కొందరు మతం మారి నీ ఊళ్ళో పనికి వస్తారు. వాళ్ళ నేల కొనొచ్చు, ఊరికే లాక్కోవచ్చు. ఊరిని నాశనం చేస్తే నిధి దొరుకుద్ది, బండి మీద వేసుకుని రేవుకి తేవచ్చు. స్పెయిన్‌ని ఎంచుకుంటే మూలవాసుల ఊళ్ళ మీద దాడికి అదనపు బలం వస్తది. పొగాకు, పత్తి, చెరకు తోటలన్నీ ఉన్నాయి గానీ ఆ తోటల్లో చాకిరీ చేసిన ఆఫ్రికా బానిసలు మాత్రం ఆటలో ఎక్కడా లేరు. చివరికి నువ్వు మీ రాజు మీద తిరగబడి స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే గెలిచినట్టు. ఆ నేల ముందే ఎవరిదో, వాళ్ళ స్వాతంత్ర్యం ఏమైందో ఆటకి పట్టదు.

1998లో పాపులస్ మూడో భాగం వచ్చింది. అందులో నువ్వు ఒక తెగకి షామన్‌వి, మన పూజారి, వెజ్జు లాగా. వినడానికి బాగానే ఉంది. కానీ అడవిలో చెట్ల దగ్గర కొందరు ఊరికే కూర్చుని ఉంటారు. ఆట వాళ్ళని ‘వైల్డ్‌మెన్’ అంటది, అంటే అడవి మనుషులు. వాళ్ళ మీద ఒక మంత్రం వేస్తే నీ రంగు బట్టల్లోకి మారి, లేచి, నీ పనిలోకి వస్తారు. అంతకు ముందు వాళ్ళకి పేరు, పని, ఊరు ఏమీ లేవు. కూర్చుని నీ కోసం ఎదురుచూస్తున్నారు, అంతే.

తర్వాత వచ్చిన కాలనీ ఆటల్లో మార్పు ఉంది. 2006లో టార్న్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు విడుదల చేసిన ‘డ్వార్ఫ్ ఫోర్ట్రెస్’లో ఒక్కో మరుగుజ్జుకి పేరు, ఇష్టాలు, బాధలు ఉన్నాయి. దాని దారిలోనే టైనన్ సిల్వెస్టర్ ‘రిమ్‌వరల్డ్’ చేశాడు, 2018లో పూర్తి రూపంలో వచ్చింది. మనిషి అంకెగా కాకుండా మనిషిగా కనబడటం ఈ ఆటల్లో పెద్ద ముందడుగు. అయినా రిమ్‌వరల్డ్‌లో ‘లాస్ట్ ట్రైబ్’ అని ఒక మొదలు ఉంది. ఐదుగురు తెగ మనుషులతో మొదలవుతది. వాళ్ళు కొత్త సాంకేతికత నేర్చుకోడానికి మిగతావాళ్ళ కంటే ఎక్కువ కాలం పడుతుంది. చదువు రావడం కష్టం అన్నది వాళ్ళ పుట్టుకలోనే రాసేశారు. ఈ మాట మనలో చాలామంది క్లాసుల్లో విన్నదే. అక్కడ ఎవరో ఒకరు నోటితో అన్నారు. ఇక్కడ అది కోడ్‌లో ఉంది.

2022లో వచ్చిన ‘విక్టోరియా 3’ 19వ శతాబ్దం ఆట. అందులో కేంద్ర ప్రభుత్వం లేని జాతుల పేర్లు మ్యాప్ మీద ఉన్నాయి, తిరుగుబాట్లు కూడా చేస్తాయి. కానీ వాళ్ళ తరఫున ఆడటానికి ఆట ఒప్పుకోదు.

కంప్యూటర్ లేనప్పటి గడులు

ఈ చూపు గేములు కనిపెట్టినోళ్ళది కాదు. వాళ్ళకంటే చాలా ముందు నుంచి ఉంది, మన మీద నడిచింది కూడా.

1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ నుంచి లాంబ్టన్ అనే ఆంగ్లేయ అధికారి పెద్ద త్రికోణాల సర్వే మొదలుపెట్టాడు. ఉపఖండాన్ని త్రికోణాలుగా కొలుచుకుంటూ పోయారు. తర్వాత 1865లో, 1878లో అడవి చట్టాలు, 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చాయి. మ్యాప్ మీద గీత గీసి, గీత లోపల ఉన్నది రిజర్వు అన్నారు. గడికి రంగు మారింది.

పోడు సంగతి మనకి తెలుసు. రెండు మూడేళ్ళు ఒక చెక్క చేసి, దాన్ని వదిలేసి ఇంకో చోటికి పోతాం. వదిలిన చోట అడవి మళ్ళీ లేస్తది. కొన్నేళ్ళకి తిరిగి వస్తాం. కింద నడిచేవాడికి అది ఎవరి చెక్కో, ఏ తాత కొట్టిందో తెలుసు. పైనుంచి చూసేవాడికి అది ఖాళీ. మ్యాప్ ఒక్క రోజు గీసిన బొమ్మ, పోడు చాలా ఏళ్ళ చక్రం. ఆ ఒక్క రోజు మనం అక్కడ లేకపోతే భూమి ఎవరిదీ కానట్టే లెక్క.

1879 రంప పితూరీ వెనక కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ ఉన్నాయి. 1922 నుంచి 1924 దాకా గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు వెంట మనోళ్ళు లేచింది అడవి ఆంక్షలకీ, వెట్టి చాకిరీకీ విసిగి. నిజాం వైపు 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం ఇచ్చింది కూడా ఈ గీతల మీదే. సివిలైజేషన్ ఆటలో వీళ్ళంతా ఎక్కడ కనబడతారో ఆలోచించండి. గుడిసెలోంచి ఉన్నట్టుండి బయటికొచ్చి మీద పడే ‘బార్బేరియన్లు’గా. ఎందుకు వచ్చారో ఆట అడగదు.

ఇది పాత కథ అని కూడా అనలేం. 2014లో పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా ఏజెన్సీలోని ఏడు మండలాలని, కొన్నిటిని పూర్తిగా, కొన్నిటిని కొంత, తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కి మార్చారు. మనుషులు కదలకుండానే రాష్ట్రం మారింది. ప్రాజెక్టు కావాలా వద్దా అనే వాదన వేరే పోస్టులో పెట్టుకుందాం. నేను చెప్పేది మ్యాప్ గురించి. నేలని దించి నీళ్ళు నింపడం పాపులస్‌లో ఒక్క నొక్కు. నొక్కేవాడికి కింద ఉన్న ఊరి పేరు తెలియాల్సిన పని లేదు.

తిరిగి మాట్లాడినోళ్ళు

ఇక్కడిదాకా చదివి నిరాశ పడకండి. చరిత్రలో ఇంకో సగం ఉంది.

2013లో సివిలైజేషన్ ఐదో ఆటకి కొత్త భాగం చేస్తూ కంపెనీ పోపే అనే నాయకుణ్ణి పెట్టాలనుకుంది. ఆయన 1680లో స్పెయిన్ మీద ప్యూబ్లో ప్రజల తిరుగుబాటు నడిపినోడు. మా నాయకుడి రూపాన్ని ఇట్లా బొమ్మగా పెట్టడం మాకు సమ్మతం కాదని ప్యూబ్లో పెద్దలు చెప్పారు. కంపెనీ మానుకుంది. ఆయన బదులు షోషోనీ జాతిని పెట్టింది.

2018లో ఆరో ఆటలో కెనడాకి చెందిన క్రీ జాతి, వాళ్ళ నాయకుడు పౌండ్‌మేకర్ వచ్చారు. పౌండ్‌మేకర్‌ని 1885లో జైల్లో పెట్టారు, 2019లో కెనడా ప్రభుత్వం ఆయన నిర్దోషి అని ప్రకటించింది. ఆటలో తమ జాతి పేరు చూసి సంతోషించినవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ జాతి పెద్దల్లో ఒకరైన మిల్టన్ టూటూసిస్ అభ్యంతరం చెప్పాడు. ఇతరుల నేలని ఆక్రమించుకోవాలనే వలసదారుల విలువే మాకూ ఉన్నట్టు ఆట చూపిస్తోంది అన్నది ఆయన మాట సారం. ఇది లోతైన మాట. మ్యాప్ మీద మనకీ ఒక రంగు ఇస్తే సరిపోదు. ఆట నియమాలు అవే ఉంటే, మనం కూడా వాళ్ళలాగే గెలవాలి.

2020లో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3’ని మళ్ళీ చేసినప్పుడు మూలవాసీ సలహాదారులని పిలిచి మాట్లాడారు. ఇరొక్వాయ్‌ని హోడెనొషోనీ అని, సూని లకోటా అని, వాళ్ళు తమని తాము పిలుచుకునే పేర్లతో మార్చారు. గనులు తవ్వడం వాళ్ళ బతుకు కాదు కాబట్టి ఆటలో వాళ్ళకి దాని బదులు వేరే ఏర్పాటు పెట్టారు. ‘కలోనియల్ ఏజ్’ అనే దశ పేరు కూడా మారింది. పేరు మార్చడం చిన్న పనిలా కనిపిస్తది. రికార్డుల్లో మన ఇంటిపేర్లు, ఊరి పేర్లు ఎట్లా తప్పు రాస్తారో తెలిసినోళ్ళకి అది చిన్న పని కాదు.

సొంతంగా చేసినోళ్ళు కూడా ఉన్నారు. అలాస్కాలో కుక్ ఇన్లెట్ ట్రైబల్ కౌన్సిల్ తానే గేమ్ కంపెనీ పెట్టించి 2014లో ‘నెవర్ అలోన్’ తెచ్చింది. ఇన్యూపియాట్ ప్రజల కథ. కథ చెప్పే గొంతు వాళ్ళ భాషలోనే ఉంటది, కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. అది దేవుడి ఆట కాదు. ఒక చిన్న పాప, ఒక నక్క, మంచు నేల మీద నడుస్తూ పోతారు. చూపు ఆకాశం నుంచి నేల మీదికి దిగింది.

2019లో ‘వెన్ రివర్స్ వర్ ట్రెయిల్స్’ వచ్చింది. ఎలిజబెత్ లపాన్సే, ఇంకా చాలామంది మూలవాసీ రచయితలు కలిసి చేశారు. 1890లలో మిన్నెసోటాలో భూమి పోగొట్టుకున్న అనిషినాబే మనిషి పడమటికి పోతూ దారిలో ఏం చూశాడో అదే ఆట. అదే మిన్నెసోటాలో 1971లో ‘ఒరెగాన్ ట్రెయిల్’ అనే బడి ఆట పుట్టింది. బళ్ళు కట్టుకుని పడమటికి పోయే వలసదారుల వైపు నుంచి చెప్పిన ఆట అది. దానికి ఇది జవాబు.

బల్ల మీద ఆడే ఆటల్లో 2017 నాటి ‘స్పిరిట్ ఐలాండ్’ ఉంది. అందులో కాలనీ కట్టేవాళ్ళు శత్రువులు. వాళ్ళు దీవిలోకి వస్తారు, కడతారు, పాడు చేస్తారు. ఆడేవాళ్ళు ఆ దీవి ఆత్మలు, కొండ దేవతల లాంటివాళ్ళు. దేవుడి ఆటని నిలువునా తిరగేశారు. అయినా ఒక వెలితి ఉంది. దీవి మనుషులు అందులోనూ చిన్న బిళ్ళలే. నిర్ణయాలు దేవతలవే.

2023లో దక్షిణాఫ్రికా నుంచి ‘టెర్రా నిల్’ వచ్చింది. పాడైన నేలని మళ్ళీ అడవి చేసి, చివరికి నీ యంత్రాలన్నీ ఊడదీసుకుని వెళ్ళిపోవాలి. అందమైన ఆట. కానీ అందులో జంతువులు తిరిగి వస్తాయి, మనుషులు రారు. మంచి అడవి అంటే మనుషులు లేని అడవి అనే ఆలోచన ఇది. పులుల కోసం అడవిలో ఊళ్ళు ఖాళీ చేయించాలి అనే మాట వెనక ఉన్నది కూడా ఇదే. బుల్డోజర్ మ్యాప్‌లో మనం లేం, పచ్చని మ్యాప్‌లోనూ మనం లేం.

మన మ్యాప్ ఎట్లా గీస్తాం

ఇదంతా ఎందుకు రాశానంటే, మన తరంలో కొందరం రేపు సర్వే ఆఫీసుల్లో, ఐటీడీఏల్లో, శాటిలైట్ బొమ్మలు చూసి లెక్క తీసే ఉద్యోగాల్లో కూర్చుంటాం. మౌస్ మన చేతికే వస్తది. పైనుంచి చూసే చూపు కూడా ఉద్యోగంతో పాటే వస్తది. గడి ఖాళీగా కనబడినప్పుడు ‘ఇది నిజంగా ఖాళీయేనా’ అని అడిగే అలవాటు మనకి లేకపోతే, మన వేలితోనే మన తాత చెక్క చెరిగిపోతది.

కింద నుంచి గీసే మ్యాప్ చట్టంలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కుల నిర్ణయం గ్రామసభ దగ్గర మొదలవ్వాలి. ఆ చట్టం నియమాల్లో సాక్ష్యాల జాబితా ఒకసారి చదవండి. సర్కారు కాగితాలతో పాటు ఊరి పెద్దలు చెప్పి రాయించిన మాట, పాత బావి, బొందలగడ్డ, దేవతల చోటు, ఇవన్నీ సాక్ష్యమే. అంటే మన అవ్వ నడిచి చూపించిన హద్దుకి విలువ ఉంది. దాన్ని వాడుకోవాలంటే ఆ హద్దులు తెలిసిన పెద్దలు ఉండగానే వెంట నడిచి రాసుకోవాలి.

ఆట సంగతికి వస్తే, మనమే ఒకటి చెయ్యొచ్చు కదా అనిపిస్తది నాకు. పోడు ఆట. అందులో చెక్కని వరసగా చేస్తే పంట తగ్గుద్ది, వదిలేస్తే అడవి లేస్తది, వదిలిన చెక్క మీద కూడా ఇంటిపేరు ఉంటది. కొత్తల పండుగ చెయ్యకుండా కొత్త పంట నోట పెట్టడానికి లేదు. సంతకి ఏం మోసుకుపోవాలి, సావుకారి దగ్గర ఉప్పు అప్పు చెయ్యాలా వద్దా, ఇప్పపువ్వు ఏరే రోజుల్లో ఇంట్లో పిల్లల్ని ఎవరు చూసుకుంటారు, ఇవీ నిర్ణయాలు. ఏ నిర్ణయమైనా ఊరు కూర్చుని ఒప్పుకోవాలి, ఒక్కడు నొక్కితే నడవదు. మ్యాప్ మాత్రం మొదట్లో ఉండదు. ముసలోళ్ళ వెంట నడిచిన కొద్దీ ఆ చోట్ల పేర్లతో పాటు తెరుచుకుంటది. చీకటి తొలగడం అంటే అక్కడ ఎవరూ లేరని కాదు, నీకు ఇంకా చెప్పలేదని.

కోడింగ్ రాదు కదా అంటారా. మేబెల్ ఆడిస్ టీచరమ్మ కోడ్ రాయలేదు. పిల్లలకి ఏం తెలియాలో ఆలోచించి నియమాలు రాసింది, కోడ్ ఇంకొకరు రాశారు. మన గ్రూపులో హిస్టరీ చదివేటోళ్ళు ఉన్నారు, బీటెక్ చదివేటోళ్ళు ఉన్నారు. గోడో అనే ఇంజిన్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తది. ముందు కాగితం మీద గడులు గీసి, చింతగింజలతో ఆడి చూసినా చాలు.

మీ ఊళ్ళో పోడు చెక్కలకి, గుట్టలకి, వాగులకి ఉన్న పేర్లు కింద రాయండి. కోయ, కొండరెడ్డి, సవర, గోండు, కొలాం, ఏ భాషలో ఉంటే ఆ భాషలో. ఆ పేరు ఎట్లా వచ్చిందో తెలిస్తే అది కూడా రాయండి. తెలియకపోతే ఈసారి సెలవులకి ఇంటికి పోయినప్పుడు అడిగి రాయండి. మొదలు పెట్టడానికి మనకి కావాల్సింది అదే.

జోహార్. జై ఆదివాసీ.